గంటా పది నిమిషాల ఊపిరి

మా బాపు విమానం ఎక్కడం మా క్వార్టర్‌లోనే నేర్చుకున్నాడు, చేతుల కుర్చీలో, గోడ గడియారం ఎదురుగా. ముక్కుకున్న ఆక్సిజన్ పైపు తీసి పక్కన పెట్టి గంటా పది నిమిషాలు కూర్చోవాలి. అదీ పరీక్ష. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి విమానం పట్టే సేపు అంతేనని ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితం మీద ఉంది. అంతసేపు పైపు లేకుండా ఉండగలిగితే పోతాడు, లేదంటే గోదావరిఖనిలోనే ఉంటాడు. ఉంటే ఏమవుతుందో డాక్టర్ దాచకుండా చెప్పాడు. ఆ యేడు వానలు వెనకబట్టినప్పటి నుంచి బాపు రెండుసార్లు దవాఖానలో పడ్డాడు. ఈ దుమ్ములో, రాబోయే చలిలో మూడోసారి పడితే లేవడం కష్టమన్నాడు డాక్టర్. దుమ్ము లేని చోటికి వెంటనే తీసుకుపొమ్మన్నాడు.

దుమ్ము లేని చోటు అంటే మాకు తెలిసింది ఒక్కటే, మా చెల్లె ఇల్లు. దాని అత్తగారి వాళ్లు ఒకప్పుడు ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చిన ఆంధ్రవాళ్లు. మామగారు రిటైరయ్యాక అందరూ రాజమండ్రికి తిరిగి పోయారు. చెల్లె రోజూ ఫోన్ చేసి ఏడ్చేది.

"ఈడ సుత గోదారే ఉన్నది బాపూ. నీ కాడ పారిన నీళ్లే నా కాడికొస్తయి. నువ్వొస్తే ఏమైతది?"

"నీళ్లకేం బిడ్డా," అన్నాడు బాపు. "బంద్ ఉన్నా ఆగయి."

నిజమే. అవి తెలంగాణ కోసం రోజుకొక పిలుపు వచ్చిన రోజులు. ఒకరోజు బంద్, ఒకరోజు రైల్‌రోకో. పట్టాల మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేసి తింటున్నారు. మా బళ్లో నేను సోషల్ చెప్పే టీచర్ని. నేనూ ఒకరోజు ఆ పట్టాల మీద కూర్చుని పులిహోర తిని వచ్చినదాన్నే. తీరా బాపుకు టికెట్లు తీసుకుంటే ఆ రైలే రెండుసార్లు రద్దయింది. ఎవరిని తిట్టాలో తెలియక, ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించాను.

అలా విమానం మాట వచ్చింది. బడి నుంచి గోడకు వేసే మ్యాప్ తెచ్చి కింద పరిచి, నా కొడుకు ఒక కొస పట్టుకుంటే, దారంతో కొలిచాను. శంషాబాద్ నుంచి రాజమండ్రికి దారం ఇంత వచ్చింది. మా ఊరి నుంచి రాజమండ్రికి పెడితే అంతకన్నా కాస్త తక్కువే వచ్చింది, రమారమి మూడు వందల కిలోమీటర్లు. బాపు మంచం మీద నుంచి వంగి చూశాడు.

"అంటే పిట్టకైతే మన ఇంటి కాన్నుంచే దగ్గరన్నట్టు," అన్నాడు.

"మనం పిట్టలం కాదు బాపూ. ముందుగాల దక్షిణానికి ఐదు గంటలు కార్ల పోయి, మళ్ల తూర్పుకు విమానంల రావాలె."

"ముక్కు పట్టుకునుడు తల చుట్టూ చెయ్యి తిప్పి పట్టుకున్నట్టే," అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

అసలు చిక్కు సిలిండర్‌తో వచ్చింది. మేం కాక అని పిలిచే పక్క క్వార్టర్ బాబాయి, బాపుతో ఒకే షిఫ్టు చేసినవాడు, కొడుకును దుబాయి ఎక్కించడానికి ఎయిర్‌పోర్టు గేటు దాకా పోయి వచ్చాడు. గేటు లోపలికి ఆయనా పోలేదు. అయినా ఆ ఒక్క ప్రయాణంతో కాలనీ మొత్తంలో విమానాల గురించి మాట్లాడే హక్కు ఆయనకే దక్కింది.

"సిలిండర్ అన్న మాటే ఎత్తకురి," అన్నాడు కాక, తలుపు వైపు చూసి గొంతు తగ్గించి. "బీమారి ఉన్నదని తెలిస్తే ఎక్కనియ్యరు. దుబాయి పోయెటోళ్లకు ఎన్ని పరీక్షలు జేస్తరు! జర దగ్గినా అన్‌ఫిట్టని రాస్తరు. మంచిగున్నట్టు నడిసి పోవాలె. గంటనే గద!"

బాపు తల ఊపాడు. అన్‌ఫిట్ అన్న మాట విన్నాక ఆయనకు ఇంక వేరే మాట అక్కర్లేదు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు దాటి పనిచేసిన మనిషి. అప్పుడప్పుడు మెడికల్ పరీక్షకు పిలిచేవాళ్లు. ఆ పిలుపు వస్తే వారం ముందు నుంచి బీడీలు మానేసేవాడు, దుమ్ము దిగుతుందని పొద్దున లేవగానే బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. దవాఖాన మెట్ల కింద నిలబడి, ఆయాసం సద్దుమణిగాకే పైకి ఎక్కేవాడు. లోపల డాక్టర్ ఎట్లున్నవని అడిగితే "మంచిగున్న సార్" అనేవాడు. కాలనీలో మగవాళ్లంతా అంతే. అన్‌ఫిట్ రాస్తే పని పోతుందో, బాయి పైన ఏ తక్కువ జీతం పనికి వేస్తారోనని అందరికీ భయం. నిజంగా ఏం చేసేవాళ్లో కనుక్కున్నవాళ్లు మాత్రం నాకు తెలిసి ఒక్కరూ లేరు. తనకు ఊపిరి కష్టం దిగిపోయినంకనే మొదలైందని బాపు చెప్పేవాడు. దిగిపోవడం అంటే మా దగ్గర రిటైరవడం. మేం అదే నమ్మాం.

ఇక కుర్చీ పరీక్ష. మొదటిరోజు అవ్వ, అంటే మా అమ్మ, సిలిండర్ మూత మీద చెయ్యి పెట్టి పక్కనే కూర్చుంది. కాక గుమ్మంలో నిలబడి "విమానం లేసింది" అని అరిచాడు. నలభై నిమిషాలకు బాపు పెదవులు నల్లబడ్డాయి. అవ్వ ఎవరినీ అడగకుండా పైపు పెట్టేసింది.

"విమానం పడిపోయింది," అన్నాడు కాక. అవ్వ ఆయన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టింది.

రెండు రోజుల తర్వాత బాపు తనే అడిగి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి కళ్లు మూసుకున్నాడు. మాట లేదు, కదలిక లేదు. బాయి లోపల గాలి సరిగా ఆడని చోట చిక్కుకుంటే అలాగే కూర్చోవాలట. మాట్లాడితే, నడిస్తే, భయపడితే గాలి తొందరగా ఖర్చవుతుందట. గడియారం గంటా పది చూపించేసరికి ఆయన బనీను తడిసిపోయింది. కానీ కళ్లు తెరిచి, వేలెత్తి, టికెట్లు తియ్యమన్నట్టు నాకు సైగ చేశాడు.

ఇందులో మేం చేసిన తప్పు ఒకటుంది. అది బయటివాళ్లు చేయరేమో. బొగ్గుబాయిలో షిఫ్టు అంటే ఎనిమిది గంటలు. ఆ లెక్క లాంపు రూములో దీపం తీసుకున్నప్పుడు మొదలై, తిరిగి దీపం అప్పజెప్పినప్పుడు ముగుస్తుంది. దిగడం, లోపల నడవడం, మళ్లీ ఎక్కి రావడం అన్నీ ఆ ఎనిమిదిలోనే. మా ఇళ్లల్లో టైమంటే అదే. అందుకే కాగితం మీద గంటా పది నిమిషాలు చూసి, ఈ ఎయిర్‌పోర్టు గేటులో అడుగు పెట్టినప్పటి నుంచి ఆ ఎయిర్‌పోర్టు గేటు దాటేదాకా అంతే అనుకున్నాం. రెండు గంటల ముందు రమ్మని ట్రావెల్స్ అబ్బాయి చెప్పాడు. సరే, ముందే పోయి కారులోనే పైపు పెట్టుకుని కూర్చుందాం, టైముకు దిగి ఎక్కుదాం అనుకున్నాం, బస్టాండులో లాగే. సోషల్ టీచర్నైన నాకూ అనుమానం రాలేదు.

పొద్దున చీకటితోనే బయల్దేరాం. నేను, బాపు, మా కాలనీ డ్రైవర్, వెనక సీట్లో సిలిండర్. అవ్వ బందులు తగ్గాక రైల్లో వస్తానని ఆగింది. అసలు సంగతి, ఆకాశంలో బాపుకు ఏమైనా అయితే చూడలేనని. అది నాతో అనలేదు, కాకతో అందట.

బసంత్‌నగర్ దగ్గర పాత విమానాల మైదానం వచ్చింది. నా చిన్నప్పుడు అక్కడ చిన్న విమానాలు దిగేవి. ఇప్పుడు గడ్డి మొలిచి బర్రెలు మేస్తున్నాయి. బాపు అద్దంలోంచి దాన్నే చూస్తూ, "గిది నడిస్తె గీ తిప్పలుండకపోవు," అన్నాడు. మాట్లాడి ఊపిరి ఖర్చు చేయొద్దని పొద్దుటి నుంచి నాలుగుసార్లు చెప్పాను.

కరీంనగర్ దాటాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, టైర్లు. పిల్లలు కర్రలతో వచ్చి బానెట్ మీద కొట్టారు. డ్రైవర్ దిగి వెనక తలుపు తీసి సిలిండర్ చూపించాడు.

"బొగ్గుబాయి కాక. పేషంటు."

వాళ్లలో ఒకడు లోపలికి వంగి బాపును చూసి, "పైలం కాకా," అని, తనే రాళ్లు పక్కకు జరిపాడు. హైదరాబాద్ చేరేదాకా మాకు సిలిండరే దారి ఇప్పించింది.

శంషాబాద్‌లో అదే సిలిండర్‌ను సీటు కిందికి తోసి దుప్పటి కప్పాం. అక్కడ మా లెక్క మొదటి నిమిషంలోనే తప్పింది. గేటు ముందు కారు ఆపి కూర్చోనివ్వరు. ఈల వేసి పొమ్మంటున్నారు. వెనక కార్ల హారన్లు. బాపు తనే ముక్కులోంచి పైపు తీసేసి, చొక్కా సర్దుకుని, నోట్లో బెల్లం ముక్క వేసుకుని దిగాడు. ఫస్టు షిఫ్టుకు పోతున్నట్టు నడిచాడు. రాత్రిలోపు బంద్ మొదలవుతుందని డ్రైవర్ వెంటనే వెనక్కి మళ్లాడు. కారు మలుపు తిరిగింది, సిలిండర్ కూడా దాంతోనే పోయింది.

కౌంటర్ దగ్గర లైను. బాపు నుదుటి మీద చెమట చూసి కౌంటర్‌లో ఉన్న అమ్మాయి అడిగింది. "సర్‌కి ఒంట్లో బాగానే ఉందా అండీ? వీల్‌ఛైర్ కావాలా?"

"మంచిగున్న బిడ్డా," అన్నాడు బాపు, నిటారుగా నిలబడి. అదే గొంతు, మెడికల్ పరీక్ష గొంతు.

"విమానం ఎప్పుడు కదులుతుందమ్మా?" అన్నాను నేను.

"రాజమండ్రిలో వాతావరణం బాగాలేదండీ. కాస్త లేటవచ్చు."

సెక్యూరిటీలో ఇంకో లైను. చేతులు చాచి నిలబడమన్నారు. చేతులు పైకెత్తితే ఆయనకు ఊపిరి ఇంకా బిగుస్తుంది. నేను ఆడవాళ్ల లైను తెర వెనక ఉన్నాను, చూసే వీల్లేదు. బయటికొచ్చేసరికి ఒక స్తంభానికి ఆనుకుని, దవాఖాన మెట్ల కింద నిలబడినట్టే నిలబడి ఉన్నాడు.

కుర్చీల్లో కూర్చున్నాం. కళ్లు మూసుకుని, కదలకుండా, మా ఇంట్లో కూర్చున్నట్టే కూర్చున్నాడు. మైకులో ఏ మాట వచ్చినా ఉలిక్కిపడ్డాను. అరగంట ఆలస్యం అన్నారు. తర్వాత మరో అరగంట అన్నారు. డ్రైవర్‌కు ఫోన్ చేస్తే హైదరాబాద్ దాటిపోయాననీ, వెనక దారి మూసేశారనీ చెప్పాడు. మేం పరీక్ష పెట్టుకున్న గంటా పది నిమిషాలు ఆ హాల్లోనే అయిపోయింది. విమానం ఇంకా నేల మీదే ఉంది.

"బాపూ, చెప్పేద్దాం. ఎవరికన్నా చెప్పేద్దాం."

కళ్లు తెరవకుండానే నా మణికట్టు పట్టుకున్నాడు. "ఊకో," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయాసపడ్డాడు.

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. భయం కన్నా కోపమే ఎక్కువ. ఎవరి కోసం ఈ మొండితనం అని గట్టిగా అడగాలనిపించింది. అడిగితే జవాబు చెప్పడానికి ఊపిరి ఖర్చు చేస్తాడని ఊరుకున్నాను.

చివరికి పిలిచారు. బస్సులో కాసేపు నిలబడ్డాం. తర్వాత విమానం మెట్లు. అవి ఎన్నో లేవు గానీ, మూడో మెట్టు మీద ఆగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాడు. ఆయన వేసుకున్నది చెప్పులు. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు. నేను వెనక్కి తిరిగి ఆ మనిషిని ఒక చూపు చూశాను.

విమానం లేచింది. రెక్కల పంకాల మోతలో బాపు ఊపిరి చప్పుడు నాకు వినబడటం లేదు, అదే ఎక్కువ భయం. ఛాతీ మీద కళ్లు పెట్టి కూర్చున్నాను. పావుగంట గడిచింది. సీటు చెయ్యి పట్టుకున్న ఆయన వేళ్లు చూస్తే గోళ్లు నీలంగా ఉన్నాయి. ఎక్కాక వేసుకున్న రెండో బెల్లం ముక్క కరగకుండానే పెదవి చివర నుంచి జారి చొక్కా మీద పడింది.

నెత్తి మీద ఉన్న బటన్ వైపు చెయ్యెత్తాను. బాపు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నొక్కకు. దింపుతరు."

"ఆకాశంల ఏడ దింపుతరు బాపూ!"

"వాపస్... తిప్పుతరు. నాతోని... అందరికి ఖరాబు."

ఆయన పట్టులో బలం లేదు. చెయ్యి విడిపించుకుని బటన్ నొక్కాను. మా బాపు మాట దాటడం నా బతుకులో అదే మొదటిసారి కాదు గానీ, అంత భయపడుతూ దాటింది మాత్రం అప్పుడే.

విమానం అమ్మాయి వచ్చింది. ఆమెను చూడగానే బాపు వెన్ను నిటారుగా చేసి, పళ్లు కనబడేలా నవ్వి, "మంచిగున్న బిడ్డా," అన్నాడు.

"మంచిగ లేడు!" నేను అరిచాను. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. "అబద్ధం చెప్తున్నాడు. ఈయన ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్మే. రోజూ ఆక్సిజన్ పెట్టుకుంటాడు. మేం చెప్పలేదు. చెబితే ఎక్కనివ్వరని చెప్పలేదు." ఇంకా ఏమేమో అన్నాను. తిడుతుందేమోనని ముందే దండం కూడా పెట్టాను.

ఆమె తిట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి, పైన అర తెరిచి, చిన్న సిలిండర్ ఒకటి దించి తెచ్చింది. దానికి పైపు, మాస్కు అన్నీ ఉన్నాయి. బాపు ముఖానికి పెట్టి, తాడు సరిచేసి, మోకాళ్ల మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుని చూసింది. మేం ఎక్కినప్పటి నుంచి ఆ సిలిండర్ మా నెత్తికి రెండు సీట్ల దూరంలో ఉంది.

చాలాసేపటికి గోళ్లకు మామూలు రంగు తిరిగొచ్చింది. అప్పుడు ఆమె మెల్లగానే అంది. "టికెట్ తీసుకునేటప్పుడే చెబితే బాగుండేదండీ. డాక్టర్ కాగితం తెచ్చుకుంటే మొదటి నుంచీ ఏర్పాటు చేసేవాళ్లం. ఇలా దాచి రావడం చాలా ప్రమాదం."

బాపు మాస్కు కాస్త పైకెత్తాడు.

"అడిగితే ఇస్తరా?"

"ఇస్తాం సర్. అందుకే కదా పెట్టుకున్నది."

ఆయన మాస్కు వదిలేసి, ఆమె పోయిన వైపే చూస్తూ ఉండిపోయాడు. కంటి వెంట నీళ్లు కారి మాస్కు అంచు దగ్గర ఆగాయి. నేను తుడవబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. మబ్బుల కింద గోదావరి ఎర్రగా, నిండుగా కనబడింది. చూడమన్నాను గానీ ఆయన చూడలేదు.

బయట చెల్లె సిలిండర్‌తో, కారుతో, ముఖమంతా ఏడుపుతో నిలబడి ఉంది. మేం పైపు తీసేసి అప్పటికి నాలుగు గంటలు దాటింది. లాంపు రూము లెక్కన చూస్తే, మా గంటా పది నిమిషాల అసలు లెక్క అది.

మర్నాడు చెల్లె తనకు తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. పెద్దవయసు మనిషి. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటూ, "ఎలా ఉంది పెద్దాయనా?" అన్నాడు.

బాపు వెన్ను నిటారుగా అయింది. పెదవులు ఆ పాత మాటకు సిద్ధమయ్యాయి. మ అన్న అక్షరం నాకు వినబడింది కూడా. అక్కడ ఆగి నా వైపు చూశాడు. తర్వాత భుజాలు వదిలేశాడు.

"ఊపిరాడ్త లేదు సార్."

"ఎప్పటి నుంచి?"

రిటైరైనప్పటి నుంచి అని నేనే చెప్పబోయాను. బాపు నాకన్నా ముందు మాట్లాడాడు.

"మా పెద్దబిడ్డ పలక వట్టుకొని బడికి పోవుడు మొదలువెట్టినప్పటి సంది," అన్నాడు.

ఆ పెద్దబిడ్డను నేనే. ఆ డాక్టర్ ముందు కూర్చున్న రోజుకు నా కొడుకు పదో తరగతిలో ఉన్నాడు.